పాప తీసిన మొదటి చీటీ

ప్రతి ఏడూ ఫుట్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, వెల్డర్ ఇంటి ముందుగదిలో స్నేహితులందరూ చేరి చీటీలు తీసేవారు. ఫోన్లో తలా ఒక ఉత్తుత్తి జట్టు కట్టుకోవడం వాళ్ల ఆట. నిజం ఆటగాళ్లను ఏరుకోవాలి, వాళ్లు మైదానంలో ఎంత బాగా ఆడితే వీళ్లకు అన్ని పాయింట్లు. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దక్కడు. అందుకే ముందు ఎవరు ఏరుకోవాలన్న దగ్గర పెద్ద రభస. ఒకసారి ఎలక్ట్రీషియన్ తన చీటీ మూల మడిచి దొరికిపోయాడు. అప్పటినుంచి చీటీలు తీసే పని వెల్డర్ కూతురికి అప్పగించారు. పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. పాప చేతికి ఏది వస్తే అదే ఖాయం, మళ్లీ తీయడమన్నది లేదు.

ఆ ఏడు మొదటి చీటీ పెయింటర్‌ది. సీజన్ సగంలో అతను నిచ్చెన మీది నుంచి పడి చనిపోయాడు. మరుసటి ఏడు డ్రైవర్‌ది. అతను ఇంట్లో మంచం మీద నిద్రలోనే పోయాడు. మగాళ్లెవరూ ఈ రెంటినీ కలిపి మాట్లాడలేదు. పాప తల్లి మాత్రం అంట్లు తోముతున్నా, పాపను జోకొడుతున్నా ఆ రెండు చీటీలనే తలుచుకునేది. ఇప్పుడు పాపకు మూడో ఏడు నడుస్తోంది, ఆటలో మిగిలింది నలుగురు. అందులో ఒకడు తన మొగుడు.

"ఈ ఏడు మానేయండి," అని వారం రోజులు పోరింది.

"మానేస్తే పోయినవాళ్లని మర్చిపోయినట్టుంటుంది," అన్నాడు అతను. "నీ భయాలూ నువ్వూ. పాప తుమ్మితే డాక్టరు దగ్గరికి పరిగెత్తే మనిషివి."

చీటీలు రాసి మడిచేది ఎప్పుడూ ఆమే. నాలుగు రాసి, స్టీలు గిన్నెలో మూడే వేసింది. మొగుడిది అరచేతిలో నొక్కిపట్టుకుంది. ఆ మూడూ బయటికి వచ్చాక గిన్నె సర్దినట్టు సర్ది దీన్ని జారవిడిస్తే చాలు, అతను ఆఖరివాడవుతాడు. మరి తక్కిన ముగ్గురి మాట? వాళ్లకూ పెళ్లాం పిల్లలున్నారు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గిన్నె మీంచి చూపు తిప్పుకునేది. పిడికిలి మాత్రం వదల్లేదు.

"రావే బంగారం, బాబాయికి ఫస్ట్ నంబరు తీసిపెట్టు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"వీడిది మూల మడిచుంటుంది, చూసి తియ్యమ్మా," అన్నాడు టైలర్. అందరూ నవ్వారు.

పాప గిన్నె ముందు నిలబడింది. చెయ్యి పెట్టలేదు. నెత్తిమీద ఫాను గిర్రున తిరుగుతున్నా పాప నుదుటిమీది వెంట్రుక కదల్లేదు.

"ఇందులో నాన్న లేడు," అంది.

పాపకింకా అక్షరాలు రావు. చీటీలు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.

"నాన్న కుర్చీలో ఉన్నాడుగా తల్లీ!" అని మళ్లీ నవ్వారు. పాప ఆ నవ్వు విననట్టే తల్లి దగ్గరికి నడిచి వచ్చి, ఆమె పిడికిలి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఆ చిన్న వేళ్లు కుళాయి నీళ్లంత చల్లగా ఉన్నాయి. ఎంత బిగించినా తల్లి వేళ్లు ఆమె మాట వినలేదు.

"ఇదే ఫస్టు," అంది పాప, చీటీ పైకెత్తి.

"అమ్మ వదినా!" ఎలక్ట్రీషియన్ తొడ చరిచాడు. "రెండేళ్లుగా నన్ను దొంగంటారు. అసలు దొంగ ఇక్కడుందిరా! మొగుడి కోసం చీటీ చేతిలోనే దాచేసింది!"

వెల్డర్ మొహం మాడిపోయింది. "ఛ, ఏంటే ఇది? నాకు ఆఖరి నంబరు ఇచ్చెయ్యండ్రా."

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఇంతలో, అప్పటిదాకా చూస్తూ కూర్చున్న మందుల షాపాయన అడ్డం పడ్డాడు. "అదెలా కుదురుతుంది? పాప చేతికొచ్చిందే ఖాయం. విప్పి చూడు."

పాప చీటీని తండ్రి వైపు చాచింది. అతను అందుకోబోయాడు. ఆమె ఒక్క ఉదుటున లాక్కుని నోట్లో వేసుకుంది. నమిలి మింగేసింది.



"అది ఆయనది కాదు, నాది," అంది, కళ్లు తుడుచుకుంటూ. "డ్రైవరన్నయ్య చోటు ఖాళీగా ఉందిగా. ఈ ఏడు నేనూ ఆడతాను. ఆయనకి చీటీ రాయడమే మర్చిపోయా. ఆఖరిది ఇచ్చెయ్యండి."

పాప ఆమెను ఎగాదిగా చూసింది. బేరం నచ్చినట్టు తల ఊపింది. తర్వాత గిన్నె దగ్గరికి వెళ్లి, మూడు చీటీలూ చకచకా తీసి ముగ్గురి ఒళ్లలో పడేసింది. ఎవరిది వాళ్లకే అందింది.

"సరే చెల్లెమ్మా, ఎవర్ని తీసుకుంటావ్?" అన్నాడు టైలర్. గొంతులో నవ్వు లేదు.

ఆమె ఫోన్లో మొట్టమొదట కనిపించిన మొహాన్ని వేలితో తాకింది.

వాళ్లు వెళ్లిపోయాక పాప చాప మీదే నిద్రపోయింది. ఆమె మొగుణ్ణి అలమారు దగ్గరికి పిలిచింది.

"జ్వరం మందు ఈ తెల్ల సీసా. అర మూతే పట్టాలి. దగ్గు మందు పైఅరలో ఉంది, రెండూ కలపకూడదు. ఎడమ పక్కకి తిప్పి జోకొడితేనే నిద్రపోతుంది. అన్నం ముద్దలు చిన్నవిగా పెట్టాలి, లేకపోతే పొలమారుతుంది."

"ఇవన్నీ ఇప్పుడెందుకే నాకు?"

ఆమె సీసాలను వరసగా సర్దుతూ ఉండిపోయింది. అతను నిద్రపోతున్న కూతురి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. తెల్ల సీసా చేతిలోకి తీసుకున్నాడు.

"మళ్లీ చెప్పు," అన్నాడు. "మొదట్నుంచి చెప్పు."