రేకు సందులో చిట్టీ

ఆ పొద్దున మాదన్నపేట మీద మబ్బు కమ్ముకుంది గానీ చినుకు రాల్లేదు. రామ్‌చందర్ పాలు పితికి, బర్లకు నీళ్లు పెట్టి ఆస్పత్రికి బయలుదేరాడు. పది రోజుల కింద అతని పెళ్లాం ఎల్లమ్మకు ఎడమ కిడ్నీ తీసేశారు. మొన్ననే ఇంటికి తెచ్చుకున్నాడు. తీసిన కిడ్నీ పరీక్ష రిపోర్టు ఇవాళ ఇస్తామన్నారు.

స్కానింగులో గడ్డ కనబడిందని, కేన్సర్ కావచ్చని ఆపరేషన్‌కు ముందే చెప్పారు. ఆ రోజు రామ్‌చందర్ ఏడ్చాడు. కానీ ఆ ఏడుపు అడుగున ఏదో చల్లగా తగిలింది. కేన్సర్ ఎవరికైనా వస్తుంది. అందులో ఎవరి తప్పూ ఉండదు.

డాక్టర్ వీణ రిపోర్టు చదివి, కేన్సర్ కాదని నవ్వుతూ చెప్పింది. ఏళ్ల తరబడి రాయి అడ్డుపడి, మూత్రం నిలిచి, చీము పట్టి, కిడ్నీ లోపలంతా పసుప్పచ్చగా గడ్డకట్టిందట. చాలా అరుదైన జబ్బట. చూపుకు అచ్చం కేన్సర్‌లాగే ఉంటుందట. రెండో కిడ్నీ బాగుంది, ఫికర్ లేదంది. కాగితం మడుస్తూ అడిగింది.

"ఏడాది ముందొస్తే రాయి తీసి కిడ్నీ మిగిల్చేవాళ్లమేమో. అప్పుడెవరూ స్కానింగ్ రాయలేదా?"

"లేదు మేడం," అన్నాడు.

రాశారు. పోయిన వానాకాలం జ్వరం, నడుం నొప్పి అంటే బస్తీ డాక్టరు స్కానింగ్‌కు చిట్టీ రాసిచ్చాడు. అప్పుడు బర్రె ఈనేటట్టు ఉంది. అది ఈనినాక పోదామని ఎల్లమ్మతో చెప్పి, చిట్టీ కొట్టం రేకు సందులో దోపాడు. బర్రె మూత్రం రంగు మారితే ఆ పూటే పశువుల డాక్టరును పిలిచే మనిషి, పెళ్లానికి మందుల దుకాణంలో జ్వరం గోళీలు తెచ్చిచ్చి ఊరుకున్నాడు.

ఇంటికి రాగానే కొట్టంలోకి పోయాడు. చిట్టీ అక్కడే ఉంది, దోమల పొగకు నల్లబడి.

ఎల్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమన్నారని అడిగింది.

"కేన్సర్ కాదన్నరు." చిట్టీ ఆమె ముందు పెట్టాడు. "గిది పోయినేడుది. అప్పుడే పోతే కిడ్నీ దక్కేదేమో. నేనే తీస్కపోలే."

ఎల్లమ్మ చాలాసేపు చిట్టీ వంకే చూసింది.

"దూడ మంచిగనే ఉన్నది గదా," అంది.

అతను చెంబెడు నీళ్లు ఆమె పక్కన పెట్టి, రెండు కంచాల్లో అన్నం, పప్పు వడ్డించాడు. ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేదాకా తన కంచం ముట్టలేదు. తర్వాత ఇద్దరూ తిన్నారు. చిట్టీ మధ్యలోనే ఉంది. ఎవరూ పక్కకు జరపలేదు.