హోబర్ట్ ఎర్ర టర్కీలు

సగం ధరకే మంచి టర్కీలు ఇస్తానంటే ఎవరైనా నమ్ముతారేమో గానీ నేను నమ్మను. ఇమొజీన్ సైజ్‌మోర్ చర్చి గోడకి చీటీ అంటించింది. నారగాన్సెట్ జాతి, నాలుగు పెట్టలు, ఒక పుంజు, మిగతావాళ్లు చెప్పేదాంట్లో సగానికి. ముప్ఫై ఏళ్లుగా ఆ జాతిని కళ్లలో పెట్టుకుని పెంచిన మనిషి. ఇప్పుడు హఠాత్తుగా ఎందుకు వదిలించుకుంటోంది?

"ఓపిక లేక అమ్ముతోందేమో. నీకెందుకు?" అన్నాడు మా ఆయన రాయిస్.

"పోయినేడాది కూడా ఇలాగే అన్నావు."



పోయినేడాది సంగతి మా కౌంటీలో అందరికీ తెలుసు. చెప్పింది నేనే కదా. హోబర్ట్ కూంబ్స్ దగ్గర బోర్బన్ ఎర్ర జాతి పిల్లలు పద్నాలుగు కొన్నాను. తాత నాటి నుంచి వాళ్లింట్లో ఉన్న జాతి అది. ఆగస్టులో పది రోజుల్లో పద్నాలుగూ పోయాయి. గంధకంలా పసుపుపచ్చ రెట్టలు వేసి, రెక్కలు వేలాడేసి, ఒకదాని తర్వాత ఒకటి. పశువుల డాక్టరు కోసి చూసి నల్లతల తెగులన్నాడు. హోబర్ట్ తెగులు పిల్లల్ని నాకు అంటగట్టాడని దాణా కొట్లో చెప్పాను, చర్చి భోజనాల దగ్గర చెప్పాను, అడగనివాళ్లక్కూడా చెప్పాను.

ఈసారి రాయిస్ ఖరాఖండిగా తేల్చేశాడు. ఈ మంద కూడా పోతే వెనకున్న రెండెకరాలూ ఎండుగడ్డికి ఇచ్చేస్తాడట. నాకు ఆ రెండెకరాల్లో టర్కీలు తిరగాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను కోరుకున్నది అదొక్కటే.

అందుకే చలికాలమంతా జాతుల గురించి ఆలోచించాను. ఫారాల్లో పెంచే తెల్లవి వద్దనుకున్నాను. రొమ్ము బరువుకి వాటి కాళ్లు ఆగవు, సొంతంగా జతకట్టలేవు, ఏటా పిల్లల్ని కొంటూనే ఉండాలి. రాయల్ పామ్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ నలుగురున్న ఇంట్లో పండక్కి చాలదు. కంచురంగువి కొందామంటే పిల్లలప్పుడు పాత జాతికీ ఫారం జాతికీ తేడా తెలీదు, ఏది చేతిలో పెట్టినా తీసుకోవాల్సిందే. ఎర్రవంటే హోబర్టే గుర్తొస్తాడు. ఇక మిగిలింది నారగాన్సెట్. నెమ్మదైనవి, పొదగడంలో గట్టివి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగే తల్లులు.

ఏప్రిల్ మొదటి శనివారం ట్రక్కులో ఖాళీ బోను వేసుకుని ఇమొజీన్ ఇంటికి వెళ్లాను. ఆవిడ వాకిట్లోనే నిలబడి ఉంది, నేను ఎటూ పోకుండా కాపలా కాస్తున్నట్టు.

"రా తల్లీ. చూసుకో" అంది.

చూశాను. పెట్టని చంకలో పెట్టుకుని రొమ్మెముక తడిమాను. రెక్క విప్పి కింద పేలున్నాయేమో చూశాను. కాళ్లు, ముక్కు, కళ్లు చూశాను. గడ్డిలో వంగి రెట్టలు కూడా చూశాను.

"బంగారం వెతుకుతున్నావా?" అంది ఇమొజీన్.

"పసుపుపచ్చది కనిపిస్తుందేమోనని."

"కనిపించదు. నా దగ్గర తెగులు లేదు."

"హోబర్ట్ కూడా అదే అన్నాడు" అన్నాను.

ఆవిడ మొహం మాడిపోయింది. నాకు అనుమానం ఇంకాస్త బలపడింది. అప్పుడే కంటపడింది, మొక్కజొన్న గాదె వెనకున్న చిన్న షెడ్డు. పట్టపగలు తలుపుకి తాళం.

"అందులో ఏమున్నాయి?"

"పాత సామాను."

ఆ మాట ఆవిడ నోట్లో ఉండగానే వాకిట్లో పుంజు గళమెత్తి అరిచింది. షెడ్డులోంచి ఇంకో రెండు గొంతులు జవాబిచ్చాయి.

"మీ పాత సామాను బాగానే అరుస్తోందే!" అంటూ ఆవిడ వద్దంటున్నా వెళ్లి చెక్కల సందులోంచి చూశాను. లోపల పన్నెండు దాకా ఉన్నాయి. ముదురెరుపు ఒళ్లు, తెల్ల తోకలు. ఆ ఎరుపు మా కౌంటీలో ఒక్క ఇంట్లోనే ఉంది.

"ఇవి హోబర్ట్‌వి! తెగులు మంద పక్కన పెంచినవాటిని నాకు అమ్ముతున్నారా? అందుకేనా సగం ధర?"

ఇమొజీన్ తాళంచెవి తీసి తలుపు బార్లా తెరిచింది. పక్షులు బయటికొచ్చాయి. ఒక్కదానికీ రెక్క వాలి లేదు.

"నువ్వు చేసిన ప్రచారానికి వాడి దగ్గర ఒక్క పిల్ల కూడా అమ్ముడుపోలేదు. మంద మొత్తం కోసేస్తానన్నాడు. తాత నాటి జాతి అంతరించిపోతుందని నేను తెచ్చుకున్నాను. రెండు మందల్ని మేపే శక్తి నాకు లేదు. అందుకే నావి అమ్ముతున్నాను. నువ్వొస్తున్నావని తెలిసి తాళం వేశాను. వీటిని చూస్తే రేపు ఊరంతా నా పేరు కూడా మోగిస్తావని."

 ఓడిపోవడం నాకు అలవాటు లేదు. "మరి నా పద్నాలుగూ ఎలా చచ్చాయి?" అన్నాను.

"ఎప్పుడు తీసుకెళ్లావు?"

"మేలో."

"ఎప్పుడు చచ్చాయి?"

"ఆగస్టులో."

"వాడి దగ్గరే అంటుకుంటే జూన్ లోపే తేలిపోయేది. మూడు నెలలు ఆగదది. ఎక్కడ పెట్టావు వాటిని?"

"ఇంటి పక్క దొడ్లో. గడ్డి ఏపుగా ఉంటుందక్కడ."

"గడ్డి ఎందుకు ఏపుగా ఉంది?"

"కోళ్ల రెట్టలు పడి" అన్నాను. అంతకుముందు ఆరేళ్లు ఆ దొడ్లో నా కోళ్లు తిరిగాయి. ఆ వసంతంలోనే వాటిని అవతలికి మార్చాను.

"కోడికి ఏమీ కాదు, హాయిగా తిరుగుతుంది. దాని రెట్టలో పురుగుగుడ్లు ఏళ్ల తరబడి మట్టిలో ఉంటాయి. ఆ మట్టి పొడిచిన టర్కీ చస్తుంది. హోబర్ట్ నీకు చెప్పలేదా?"

చెప్పాడు. బోనులో పిల్లల్ని పెడుతూ, కోళ్లు తిరిగిన నేల మీద వదలొద్దని రెండుసార్లు చెప్పాడు. అప్పుడు నేనేమనుకున్నానంటే, రేపు చస్తే తప్పు నా మీదికి నెట్టడానికి ఇప్పుడే సాకు వెతుక్కుంటున్నాడని. నా కోళ్లు ఒక్కసారి తుమ్మను కూడా తుమ్మలేదు, వాటిని అనుమానించాలని నాకెందుకు తోస్తుంది? కౌంటీలో నేను అనుమానించనిది నా దొడ్డినొక్కదాన్నే.

"ఇవి నీకు అమ్మను ఆర్లీన్" అంది ఇమొజీన్ నెమ్మదిగా. "కోపంతో కాదు. ఆ నేల ఇంకో మూడు నాలుగేళ్లు ఖాళీగా ఉండాలి. వెనక రెండెకరాల్లోనూ కోళ్లు తిరుగుతున్నాయి కదా?"

"అవును, దొడ్లోంచి అక్కడికే మార్చాను."

"అయితే ఏ జాతి కొన్నా ఒకటే."

ఖాళీ బోనుతో వెనక్కొచ్చాను. దారి పొడుగునా సిగ్గుతో చెవులు మండాయి. రెండెకరాలూ ఎండుగడ్డికి పోతే పోయాయి, అది నా చేతకానితనం. కానీ హోబర్ట్ ఏం పాపం చేశాడు? ఇంటికి వెళ్లకుండా సరాసరి దాణా కొట్టు దగ్గర ఆగాను. మొదట చెప్పింది అక్కడే కదా, దిద్దుకోవాల్సింది కూడా అక్కడే.

కొట్టు యజమాని డ్వైట్ గల్లా దగ్గర ఉన్నాడు. కాఫీ తాగుతూ నలుగురు రైతులున్నారు.

"హోబర్ట్ పిల్లల్లో తెగులు లేదు" అన్నాను అందరికీ వినపడేలా. "నా దొడ్లోనే ఉంది. నా కోళ్ల వల్ల చచ్చాయి. అతను ముందే చెప్పాడు, నేనే వినలేదు. నేను అబద్ధం ప్రచారం చేశాను."

 పోయినేడాది ఇదే చోట అతన్ని తిట్టినప్పుడు నా నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే అందరూ తలలూపారు. ఇప్పుడు డ్వైట్ నన్ను ఎగాదిగా చూశాడు. మిగతావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"అది సరే ఆర్లీన్" అన్నాడు డ్వైట్, గొంతు తగ్గించి. "ఇలా చెప్పమని హోబర్ట్ నీకేమిచ్చాడు?"

ప్రమాణం చేశాను. కోళ్ల రెట్టల సంగతి చెప్పాను. మే, ఆగస్టు లెక్క చెప్పాను. అతను నవ్వుతూ వింటూనే ఉన్నాడు, ఒక్క ముక్కా నమ్మలేదు. కోపం తెచ్చుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. అతని చోట నేనున్నా అదే అడిగేదాన్ని.