కళ్ల కింద పడిన పేర్లు

గుంటూరులో ఎండాకాలం ముందు ముక్కుకే తెలుస్తుంది.

ఎర్రటి ఘాటు. గొంతులో గరగర... కళ్లలో నీళ్లు.

గోదాములో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తాం మేము. ముఖాలకు గుడ్డలు కట్టుకుంటాం. పైకి కనిపించేవి కళ్లే. అక్కడ ఎవరి అందచందాలూ ఎవరికీ పట్టవు.

ఆ కళ్లనే సినిమా తీసింది, కెమెరా పట్టుకుని మా గోదాముకు వచ్చిన బిందుమాధవి అనే అమ్మాయి. కట్టుకథ కాదు, డాక్యుమెంటరీ. మా ఊళ్లో ఉండే రకరకాల మనుషుల మీద. టిక్కీలు, అంటే మిరప బస్తాలు మోసే ఒడిశా కుర్రాళ్లు... మిఠాయి కొట్టు మార్వాడీ తాత... చర్చిలో పాడే క్రీస్తుదాసు. వాళ్ల తర్వాత మేము.

అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది షహనాజ్. ఏళ్ల తరబడి నా పక్కనే కూర్చుంటుంది. మేస్త్రీకి ఆమె "ఏమమ్మోయ్". వీధిలో ఆమె "వాసిం వాళ్లమ్మ". తెర మీద పేరు పడుతుందని బిందుమాధవి చెప్పిందో లేదో, పేటంతా చాటి వచ్చింది.

ఒక సాయంత్రం గోదాము గోడ మీదే వేశారు.

కళ్లు వచ్చాయి. గోడంత కళ్లు. నవ్వితే చివర్లు ముడుచుకునే షహనాజ్ కళ్లు.

కింద పేరు పడింది — రాజేశ్వరి.

అది నా పేరు.

తర్వాత నా కళ్లు. కింద — షహనాజ్.

నీలం గుడ్డ షహనాజ్‌ది, పసుపు గుడ్డ నాది అని గుర్తు పెట్టుకుందట బిందుమాధవి. పిచ్చిపిల్ల! మా గుడ్డలన్నీ ఒక్క బకెట్లోనే ఉతుకుతాం. ఒక్క తీగ మీదే ఆరేస్తాం. పొద్దున చేతికి ఏది అందితే అది కట్టుకుంటాం.

బిందుమాధవి ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"పోనీ ఇలాగే ఉంచేద్దామా అక్కా... అందరూ ఒకటే అన్నట్టు ఉంటుంది..." నసిగింది.

షహనాజ్ లేచి నిలబడింది.

"ఒకటెట్టా అవుతామమ్మా? గుడ్డంటావా, ఎవరిదైనా కట్టుకుంటా. పేరు మాత్రం నాది నాకు కావాలి."

నాకు ఎంత సంతోషం వేసిందో! ఇన్నేళ్లలో షహనాజ్ దేన్నీ "నాది" అనగా నేను వినలేదు.

మర్నాడు బిందుమాధవి మళ్లీ కెమెరా తెచ్చింది. బయట నీడలో తీద్దామంది. షహనాజ్ వింటేనా!

"పని చేసేది ఇక్కడైతే బయటెందుకు? ఇక్కడే తియ్యి."

కాయల రాశి ముందు కూర్చుంది. గుడ్డ విప్పింది.

ఆ ఘాటులో — వట్టి ముఖంతో.

ఆమెకు ముక్కుపుడక ఉందని టిక్కీల కుర్రాళ్లు ఆ రోజే చూశారు.

"నా పేరు షహ—"

తుమ్ము.

"నా పేరు ష—"

మళ్లీ తుమ్ము.

మేమంతా పగలబడి నవ్వుతున్నాం. కెమెరా వెనక బిందుమాధవి కూడా తుమ్ముతోంది. షహనాజ్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. కెమెరాలోకి సూటిగా చూసింది.

"ఉండమ్మా... ఆపబోకు. చెబుతా."