ముందు ఇరుసులో నీళ్ళు

ఆ ఉదయం మబ్బు బాగా కిందికి దిగి, కొల్లేటి నీళ్ళను ఆనుకుని నిలబడింది. కురవదు, పోదు. మూడు రోజులుగా అదే వరస.

కొల్లేటి ఒడ్డు నుంచి భీమడోలు స్టేషనుకు చేపల గంపలు తోలే లారీ బురదబాటలో ఆగిపోయింది. గంపలు ఎడ్లబళ్ళకెక్కి వెళ్ళిపోయాయి. డ్రైవరు యోబు చక్రం పక్కన గొంతుక్కూచున్నాడు. జర్మనీ యుద్ధంలో తిరిగిన లారీ అది. వెనక చక్రాలతో పాటు ముందువీ లాగుతాయి. అందుకనే వ్యాపారి అచ్యుతరావు ఏరికోరి కొన్నాడు. బళ్ళు దిగబడే చోట రెండు వానాకాలాలు ఈడ్చుకొచ్చింది. నిన్నటి నుంచి ముందు ఇరుసు పళ్ళు కొరికినట్టు మూలిగి, తెల్లారేసరికి పట్టేసింది.

ఏలూరు నుంచి రైల్లో వచ్చిన మెకానిక్ బాలస్వామి కిందికి దూరి, ఇరుసు నడుమనున్న నూనె బుడ్డ బిరడా విప్పాడు. నల్లటి నూనె రావలసిన చోట చిక్కటి మజ్జిగలాంటిది కారింది. అందులో ఇనప రవ్వలు మెరిశాయి.

"కిందటి నెలేగదయ్యా నువ్వు విప్పి బిగించింది!" అన్నాడు అచ్యుతరావు, గొడుగు చంకన పెట్టుకుని. "ఇంక నీ షెడ్డుకి భీమడోలు బండి ఒక్కటి రాదు, చూస్కో."

"బిగింపులో లోపం లేదండీ. లోపలికి నీళ్ళెలా వెళ్ళాయో అంతుబట్టడం లేదండీ."

యోబుకు అంతుబట్టింది. లారీ నేర్చుకోకముందు పన్నెండేళ్ళు దున్నపోతుల బండి తోలాడు. పనైపోగానే దున్నల్ని కాలవలో దింపి, గడ్డితో తోమడం అలవాటు. లారీనీ అలాగే రోజూ సాయంత్రం చక్రాలు సగం మునిగేదాకా దింపేవాడు. కాగిన ఇరుసు నీళ్ళు తగలగానే సుయ్‌మనేది. దాని ఒళ్ళు చల్లబడిందని తృప్తి పడేవాడు.

చెబితే తన పని పోతుంది. బండీ దున్నలూ ఎప్పుడో అమ్మేశాడు. చెప్పకపోతే బాలస్వామి పేరు పోతుంది. చక్రం పట్టుకు లేచాడు.

"నేనేనండయ్యా. రోజూ కాలవలో దింపి కడిగేవాణ్ణి. వేడి మీదే."

"లారీకి ఈత నేర్పావట్రా?" అన్నాడు అచ్యుతరావు.

బాలస్వామి చేతులు తుడుచుకున్నాడు. "వేడి మీద చన్నీళ్ళు తగిలితే లోపలి గాలి ముడుచుకుని, సందుల్లోంచి నీళ్ళు పీల్చేస్తుందండీ. తెలీక చేశాడు. నేనూ చెప్పలేదండీ."

అచ్యుతరావు సీటు కింద ఉండే, లారీ స్టార్టు చేసే హేండిలు తీసుకున్నాడు. "బాగయ్యాక దీన్ని వీర్రాజు తోల్తాడు. నువ్వు రానక్కర్లేదు." గుర్రబ్బండెక్కి వెళ్ళిపోయాడు.

"నోరు మూసుకోకూడదా బాబాయ్?" అన్నాడు బాలస్వామి మెల్లగా.

"ఎంతసేపని మూసుకోనురా."

యోబు భార్య మార్తమ్మ గట్టు మీదుగా అన్నం గిన్నె పట్టుకొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసింది. మూడు ఆకులు పరిచి, అన్నం మీద చేపల పులుసు పోసింది. బాలస్వామి మట్టితో చేతులు రుద్దుకుని వచ్చి కూర్చున్నాడు. యోబు ముక్కలోని ముల్లు తీసి ఆకు చివర పెట్టాడు. మార్తమ్మ ఇద్దరికీ మరో గరిటె అన్నం వడ్డించింది. తర్వాత తనూ మూడో ఆకు ముందు కూర్చుంది.