మండికల్ ఎండ మీద పడిన నింద

మండికల్ మునినారాయణప్ప ఒంట్లో ఎండ చాలడం లేదన్న కబురు పొద్దున పాల డెయిరీ దగ్గర పుట్టి, మధ్యాహ్నానికల్లా బాగేపల్లి సంత చేరింది. ఆ కబురు పుట్టించింది వేరెవరో కాదు, స్వయానా మునినారాయణప్పే.

కిందటేడు ఆయన బెంగళూరు పోయి, ఒళ్ళు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నాడు. అంతకు ముందు ఆయన ఎంత లావంటే, బస్సెక్కితే కండక్టరు అడక్కుండానే రెండు టికెట్లు చించి చేతిలో పెట్టేవాడు. డాక్టర్లు కడుపును చిన్న సంచిగా కుట్టి, పేగును దారి మళ్ళించారు. ఏడాది తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. షుగరు దారికొచ్చింది. బతికున్నంత కాలం వేసుకోమని ఇచ్చిన మాత్రలను కొన్నాళ్ళు బుద్ధిగా మింగాడు. ఆ తర్వాత, ఒళ్ళు తగ్గింది గదా, ఇంకా ఈ గోల ఎందుకని మానేశాడు.

చిత్రమేమిటంటే, లావుగా ఉన్నప్పుడు ఆయన్ను చూసి నవ్విన ఊరు, సన్నబడ్డాక జాలి పడడం మొదలుపెట్టింది. ఎదురైన ప్రతివాడూ గొంతు తగ్గించి, “ఏం జబ్బప్పా?” అని అడిగేవాడు. జబ్బు పోయిందని చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. పాత చొక్కాల్లో ఆయన తప్పిపోయినట్టు ఉండేవాడు. పెళ్ళిళ్ళలో జనం ఆయన పక్కనుంచే నడిచిపోయి, “మునినారాయణప్ప రాలేదా?” అని వాకబు చేసేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు ఎక్కడో కలుక్కుమనేది.

ఇంతలో కాళ్ళ ఎముకలు లాగడం, కూర్చుని లేవాలంటే తొడల్లో సత్తువ లేకపోవడం మొదలైంది. చిక్కబళ్ళాపురంలో డాక్టరు శ్రీరంజని రక్తం పరీక్ష చేయించింది. డి విటమిను ముప్పై దాటి ఉండాల్సిన చోట తొమ్మిది ఉంది. ఆవిడ మాత్రలు రాసి, ఏది ఎప్పుడు వేసుకోవాలో, ఏది దేంతో కలపకూడదో ఓపిగ్గా చెప్పి, చివర్లో కాస్త ఎండ కూడా తగలనివ్వమంది. మునినారాయణప్ప చెవికి ఎక్కింది ఆ చివరి మాట ఒక్కటే. చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

మర్నాడు పాల డెయిరీలో కార్యదర్శి రామప్ప అడిగాడు.

“ఏమప్పా, డాక్టరమ్మ ఏమనింది?”

“ఏమీ లేదప్పా. ఒంట్లో ఎండ చాల్లేదంట.”

పాలు కొలుస్తున్న రామప్ప చెయ్యి ఆగిపోయింది. “యాడి ఎండ?”

“యాడిదేంది? మన ఊరి ఎండే.”

అంతే. ఎండలో సత్తువ లేకపోతే గడ్డిలో సత్తువ ఉండదు. గడ్డిలో లేకపోతే ఆవులో ఉండదు. ఆవులో లేకపోతే పాలు పాలే కావు. రామప్ప అక్కడ నిలబడే ఇంత దూరం ఆలోచించాడు. ఆయనొక్కడూ ఆలోచించి ఊరుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. సాయంత్రానికి బాగేపల్లి సంతలో ఎవరో మండికల్ వంకాయలను వేలితో నొక్కి చూసి, పెదవి విరిచి వెళ్ళారట. పంచాయతీ అధ్యక్షుడు ఆదినారాయణప్ప చెప్పులైనా విప్పకుండా మునినారాయణప్ప ఇంట్లోకి వచ్చేశాడు.

“ఊరి మింద ఇంత మాట ఎట్లంటివప్పా?”

“నేను ఊరిని ఏమంటిని? నా ఒంటిని గదా అంటిని.”

“నీ ఒళ్ళు యాడుండాది? ఊర్లోనే గదా ఉండాది?”

మునినారాయణప్ప తన ఒంటిని ఒకసారి తడుముకుని చూసుకున్నాడు.

పంచాయతీ ఆఫీసులో సభ జరిగింది. అది సాగుతుండగానే మునినారాయణప్ప బావమరిది పురుషోత్తమ్ కెంచార్లహళ్ళి నుంచి బైకు మీద దిగాడు. “బావా, మా ఊరికి వచ్చెయ్. చింతామణి తాలూకాలో మా ఎండను మించింది లేదు. బట్టలు ఆరేసి ఇంట్లోకి పోయి వచ్చేలోపల గరగరమంటాయి” అన్నాడు. సభ ఒక్కసారిగా భగ్గుమంది. మండికల్ మనిషి మండికల్ ఎండలోనే బాగుపడాలని అప్పటికప్పుడు ఠరావు చేశారు. వద్దన్నవాడు ఒక్కడూ లేడు. మునినారాయణప్పను ఎవరూ అడగలేదు.

మరుసటి రోజు నుంచి పంచాయతీ ఆఫీసు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసి, చొక్కా విప్పించి ఆయన్ను కూర్చోబెట్టారు. కుర్చీ మీద నీడ పడుతోందని వేపచెట్టు కొమ్మ ఒకటి కొట్టేశారు. ఆ పక్కగా గొడుగు వేసుకుని పోయిన పోస్టుమేన్‌ను ఆపి, చుట్టూ తిరిగి పొమ్మన్నారు. మబ్బు పట్టిన రోజు ఆదినారాయణప్ప ఆకాశం కేసి ఎంత కోపంగా చూసేవాడంటే, మబ్బు ఎవరో పక్క ఊరివాళ్ళు పంపించారేమో అనిపించేది. పురుషోత్తమ్ మాత్రం రోజూ ఫోను చేసి, “మీ ఎండ ఏమంటాది బావా?” అని గిల్లేవాడు.

మొదటి రోజు మునినారాయణప్ప సిగ్గుతో తలెత్తలేదు. నెమ్మది మీద అలవాటైంది. ఆ తర్వాత, ఎవరికీ చెప్పలేదు గానీ, ఆయనకు బాగానే అనిపించసాగింది. పొలం పోయేవాళ్ళు ఆగి పలకరిస్తున్నారు. బడి పిల్లలు నమస్కారం పెడుతున్నారు. సన్నబడ్డాక ఊరు ఆయన్ను ఆయనగా గుర్తుపట్టడం ఇదే మొదలు. ఎండకు వీపు చురుక్కుమంటున్నా, పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని మరీ కుర్చీ దగ్గరికి పోయేవాడు.

ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ బాధ వేరు. “సన్నబడితేనే జబ్బంటాండారు. నల్లబడితివంటే ఇంగ పాడె కట్టేస్తారు” అంటూ, కూతురు నేత్ర బెంగళూరు నుంచి తెచ్చుకున్న ఎండ తగలని క్రీము తీసి, రోజూ మొగుడికి నుదురు నుంచి నడుము దాకా గోడకు సున్నం కొట్టినట్టు పట్టించి పంపేది. తెల్లగా మెరుస్తున్న ఆయన్ను చూసి ఊరంతా, ఎండ పని చేస్తోందనుకుంది.

మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేయించారు. ఈసారి ఏడు వచ్చింది.

ఆ రోజు మండికల్‌లో చాలా ఇళ్ళల్లో ముద్ద దిగలేదు. కెంచార్లహళ్ళిలో ఎవరో టపాకాయలు కాల్చారని వదంతి వచ్చింది. పురుషోత్తమ్ ఒట్టేసి కాదన్నా ఎవరూ నమ్మలేదు. ఆదినారాయణప్ప, రామప్ప, సుబ్బలక్ష్మమ్మ, మునినారాయణప్ప ఒక కారులోనూ, పిలవకపోయినా పురుషోత్తమ్ వెనక బైకు మీదా చిక్కబళ్ళాపురం చేరారు.

శ్రీరంజని ఇంతమందిని చూసి ఎవరికి ఒంట్లో బాగాలేదో తేల్చుకోలేకపోయింది.

“అమ్మా, నిజం చెప్పండి. మా ఎండలో ఏమన్నా లోపం ఉండాదా?” అన్నాడు ఆదినారాయణప్ప.

ఆవిడ రిపోర్టు చూసి, మునినారాయణప్పను చూసింది. “నేను రాసిన మాత్రలు వేసుకుంటున్నారా?”

మునినారాయణప్ప కిటికీ వైపు తిరిగాడు. “ఎండ తగలనీమంటిరి గదమ్మా. తగలనిస్తి.”

“మాత్రలు?”

“జోబీలోనే ఉండాది, చీటీ.”

రామప్ప మెల్లిగా, “జోబీలోనా?” అన్నాడు. నెలల తరబడి చొక్కా విప్పి కూర్చున్న మనిషి జేబు సంగతి ఎవరికి తడుతుంది?

ఒంటికి ఏమైనా రాశారా అని డాక్టరమ్మ అడిగేసరికి సుబ్బలక్ష్మమ్మ కూడా ఒప్పుకోక తప్పలేదు. ఆదినారాయణప్ప ఆమెను నమ్మకద్రోహం చేసినవాళ్ళను చూసినట్టు చూశాడు.

శ్రీరంజని నవ్వు ఆపుకుని చెప్పింది. “మీ ఊరి ఎండకు ఏ తప్పూ లేదు. క్రీము రాస్తే ఏ ఊరి ఎండైనా అంతే. అయినా ఎండ ఒక్కటే ఈయనకు చాలదు. కడుపు చిన్నదైంది, పేగు దారి మారింది. తిన్నదాంట్లో కాల్షియం, విటమిన్లు మునుపటిలా ఒంటికి పట్టవు. అందుకే మాత్రలు ఎక్కువ మోతాదులో, ఎప్పటికీ వేసుకోవాలి. డి మాత్ర అన్నంతో, కాస్త నెయ్యో నూనో ఉన్న తిండితో వేసుకోవాలి. కాల్షియం ఒకేసారి కాకుండా విడివిడిగా. ఇనుము మాత్రకూ దానికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఇనుము మాత్ర మీద కాఫీ తాగకూడదు. సొంతంగా మోతాదు పెంచుకోకూడదు, ఎక్కువైనా ప్రమాదమే.”

“అంతా సరేనమ్మా. ఎండకు తప్పు లేదనిన మాట కాగితం మింద రాసిస్తారా?” అన్నాడు ఆదినారాయణప్ప.

ఆవిడ రాసివ్వలేదు. మాత్రలు మాత్రం మళ్ళీ రాసింది.

ఊరు ఈసారి మునినారాయణప్పను నమ్మదలుచుకోలేదు. నీళ్ళు వదిలే వేళ మైకులో చెప్పే నాగేశ్‌కు ఆ బాధ్యత అప్పగించారు. మర్నాడు పొద్దున్నే పంచాయతీ మైకు గరగరలాడింది.

“గ్రామస్థులు గమనించాల. మునినారాయణప్పనోరు ఇప్పుడు ఇనుము మాత్ర వేసుకోవాల. ఇంగ రెండు గంటలు కాల్షియం ముట్టకూడదు. ఆయప్పకు కాఫీ ఇచ్చే ఇండ్లవాళ్ళు ఎచ్చరికగా ఉండాల.”

కొద్ది రోజుల్లోనే ఊరి గడియారం మారిపోయింది. ఇనుముకు ఆవులు పిండేవాళ్ళు, మొదటి కాల్షియానికి పిల్లల్ని బడికి పంపేవాళ్ళు. డి మాత్రకు ఊరంతా భోజనానికి కూర్చునేది. చింతామణిలో చుట్టాల పెళ్ళికి పోయినా ఆయన తప్పించుకోలేకపోయాడు. సరిగ్గా తాళి కట్టే వేళ నాగేశ్ నేత్రకు ఫోను చేసి, స్పీకరు పెట్టించి, “రెండో కాల్షియం” అని గట్టిగా చెప్పాడు. పురోహితుడు అదేదో మంత్రమనుకుని ఒక్క క్షణం ఆగాడు. మునినారాయణప్ప అందరి ముందూ మాత్ర మింగి, నీళ్ళు తాగి, అక్షింతలు వేశాడు.

కాళ్ళ లాగుడు తగ్గింది. కూర్చున్న చోటు నుంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాడు. తర్వాతి పరీక్షలో డి విటమిను ముప్పై నాలుగు వచ్చింది.

ఆదినారాయణప్ప షామియానా వేయించాడు. సూర్యుడి బొమ్మకు పూలదండ, మునినారాయణప్పకు శాలువా. “మన ఎండ గెలిచింది! మునినారాయణప్ప పాసైనాడు! ఇంగ మాత్రలకు సెలవు!” అని మైకులో అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. మునినారాయణప్ప లేచి మైకు అందుకున్నాడు. జీవితంలో మైకు పట్టుకోవడం ఆయనకు అదే మొదలు.

“మాత్రలకు సెలవు లేదప్పా” అన్నాడు. “ఆపితినంటే మళ్ళా కిందికి జారతా. డాక్టరమ్మ చెప్పింది. నేను బతికినన్నాళ్ళూ వేసుకోవాల, అప్పుడప్పుడు రక్తం చూపించుకుంటా ఉండాల.”

చప్పట్లు సన్నగిల్లి ఆగిపోయాయి. “అంటే ఎప్పటికీ పాస్ కానట్లేనా?” అని వెనకనుంచి రామప్ప అడిగాడు.

“ఇది పరీక్ష కాదు రామప్పా. పూటపూటకూ అన్నం తింటాండాం గదా, అట్ల. ఎండ మంచిదే, దాని మింద నాకేం కోపం లేదు. మైకు మాత్రం ఆపేయండి. నా మాత్రలు నేనే గుర్తుపెట్టుకుంటా.”

ఊరు నొచ్చుకుంది. కొన్నాళ్ళు మైకు లేక ఎవరికీ వేళ తెలియలేదు. పిల్లలు బడికి ఆలస్యంగా పోయారు. తర్వాత సర్దుకున్నారు. ఆదినారాయణప్ప మాత్రం ఊరి మొగదల, ‘మండికల్ - మంచి ఎండ గల గ్రామం’ అని బోర్డు రాయించి పెట్టాడు. అది చూసి కెంచార్లహళ్ళి వాళ్ళు ఇంకా పెద్ద బోర్డు పెట్టారు.

ఒకరోజు ఆ బోర్డు చూసుకుంటూ బాగేపల్లి నుంచి అంబిక అనే ఆమె మునినారాయణప్ప ఇంటికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. గడప దాటడానికి పక్కకు తిరిగి, తిరిగినందుకు సిగ్గుపడి నవ్వింది. ఆమె కూడా అదే ఆపరేషన్ చేయించుకోబోతోంది. సుబ్బలక్ష్మమ్మ గట్టి కుర్చీ వెతికి వేసింది.

“మీ ఊర్లో ఎండకు నయమైందంట గదన్నా?”

“ఎండకు కాదమ్మా” అని మునినారాయణప్ప మాత్రల డబ్బా తెచ్చి ముందర పెట్టాడు. ఏది అన్నంతో, ఏది విడిగా, అన్నీ డాక్టరమ్మ చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు. ఆమె అంతా విని, డబ్బా మూత పెట్టి ఇచ్చింది.

“సన్నబడినాక ఎట్లుంటాదన్నా?”

ఇంతవరకూ ఆ మాట ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆలోచించి చెప్పాడు. “మొదట్లో ఎవరికీ కనపడవు. నీకు నువ్వే కనపడవు. జబ్బేమని అడుగుతారు. ఏడుపొస్తాది. అది ఏ రక్తం పరీక్షలోనూ రాదు. అప్పుడు ఇట్ల రా, మాట్లాడుకుందాం.”

అంబిక తలూపింది. బాగేపల్లి బస్సు ఒకటి హారను కొట్టుకుంటూ పోయినా ఆమె లేవలేదు. తర్వాతి బస్సు దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.