ఎర్ర పళ్లెం, తెల్ల పళ్లెం

అసిరయ్య గొలుసులు సవరిస్తున్నాడు. స్తంభానికి నడుమెత్తున బిగించిన ఇనపబుట్ట, దాని పైన గుండ్రంగా వేలాడే గొలుసులు, ఒక్కొక్కదాన్నీ వేళ్లతో కదిపి, చెవి దగ్గర పెట్టి విని, మెల్లగా వదిలేస్తున్నాడు, నాకు మాత్రం ఏ చప్పుడూ వినబడదు. మేమున్నది కొండవార మైదానంలో, పిల్లలు గురి నేర్చుకునే పచ్చిక మీదే, కానీ ఒక పక్క గడ్డి నడుస్తూ నడుస్తూ ఇనపరజనై అతని పాత వెల్డింగు షెడ్డులోకి పోతోంది, ఇంకో పక్క తడి ఇసక, ఆ ఇసక చివర ఏముందో చూద్దామంటే చూపు ఆనదు.

"ఏటి బావా, అలా సూస్తన్నావు? నీ సెల్లి మొగుణ్ణే," అంటాడు.

అతను పోయి పద్నాలుగు నెలలు. అది నాకు తెలుసు. అయినా వచ్చిన మనిషిని ఎలా వచ్చావని అడగడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాను.

"మాటాడవు కదా! నీ నోరు తెరాలంటే గ్యాసుకట్టరెట్టి కొయ్యాల," అని నవ్వుతాడు, ఆ నవ్వు ఎప్పటిలాగే ముందు భుజాల్లో మొదలవుతుంది.

చూస్తే అతని రెండు చేతుల్లోనూ మా పళ్లేలు. దూరం నుంచి ప్లాస్టిక్ డిస్కు విసిరి ఈ బుట్టలో పడేయడం ఆట. పిల్లలు డిస్కు గోల్ఫ్ అంటారు, దగ్గర నుంచి వేసే డిస్కును పట్టర్ అంటారు, మా ఇద్దరికీ అది పళ్లెమే. ఇక్కడ గడ్డి కోసేది నేను. ఈ బుట్టలన్నీ అతికినవాడు అసిరయ్య. పిల్లలు వెళ్లిపోయాక సాయంత్రాలు చెరో పళ్లెం పట్టుకుని, ఏది మంచిదో తేల్చడానికి పదేసి సార్లు విసిరేవాళ్లం. అతనిది ఎర్రది, మెత్తది, ఆట నేర్పే మేడమ్ ఊరు మారుతూ అతనికిచ్చి వెళ్లింది. నాది తెల్లది, గట్టిది, తుప్పల్లో దొరికింది. 'నాది గొలుసుని కరుసుకుంతాది, నీది గొలుసుని తన్నీసి పరిగెడతాది' అనేవాడు. పదింట ఎనిమిది వేసేవాడు. నేను ఐదు.

"ఈయాల తేల్చీసుకుందాం," అంటూ బుట్ట దగ్గర్నుంచి అంగలు వేస్తాడు. పదో అంగ వేసేసరికి అతను తడి ఇసకలో ఎక్కడో ఉన్నాడు, నేనూ అక్కడే ఉన్నాను, బుట్ట మాత్రం చెయ్యి చాపితే తగిలేలా ఉంది.

"ఓ పని సేద్దాం బావా. మార్సుకుందాం. నాది నువ్వు పట్టు, నీది నాను పడతాను."

బతికున్నప్పుడూ ఒకసారి అడిగాడు ఇలాగే. ఆ రోజు మధ్యాహ్నం గడ్డిమిషను షెడ్డులో గంజి కాచుకున్నాను, మూత కనబడలేదు, ఈగలు ముసురుతున్నాయని మేకుకి వేలాడుతున్న ఎర్ర పళ్లెం తీసి వేడి కుండ మీద బోర్లించాను. తీసేసరికి పళ్లెం వేడికి ఉబ్బి పొట్ట వచ్చింది. రాయి బరువు పెట్టి అణిచాను, పైకి చూస్తే ఏమీ కానట్టే ఉంది, మళ్లీ మేకుకి తగిలించాను. సాయంత్రం అతను పది విసిరాడు, పదీ ఎడమకి తిరిగి స్తంభం కింద పడ్డాయి. అసిరయ్య పళ్లెం వంక చూడలేదు, తన చేతి వంక చూసుకున్నాడు. ముప్పై ఏళ్లు దారం పట్టినట్టు అతుకు వేసిన చెయ్యి. 'ఓపాలి నీదియ్యి బావా, సూస్తాను' అన్నాడు. 'ఎవుడిది ఆడిదే' అన్నాను.

మర్నాడు రాలేదు. ఎవరి గేటు పాడుచేస్తానో అని వెల్డింగు కూడా మానేశాడు. మంచం మీద కూర్చుని ఆ చేతిని ఎవరిదో వస్తువులాగా ఒళ్లో పెట్టుకునేవాడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే వానలొచ్చాయి, జ్వరం వచ్చింది, అతను పోయాడు.

ఇప్పుడు ఎర్ర పళ్లెం నా చేతిలో ఉంది, ఎలా వచ్చిందో తెలియదు, అప్పుడే దించిన కుండలా కాలుతోంది, వదిలేద్దామంటే వేళ్లు రావు. విసురుతాను. ఎడమకి తిరిగి స్తంభం కింద పడుతుంది. అసిరయ్య తెల్లది విసురుతాడు, గొలుసుల్లో పడుతుంది. మళ్లీ విసురుతాడు, మళ్లీ పడుతుంది, తియ్యకుండానే తెల్ల పళ్లెం అతని చేతిలోకి వచ్చేస్తూ ఉంటుంది, బుట్ట నిండిపోతుంది, అతను నా వైపు తిరుగుతాడు.

"బావా! నా సెయ్యి బాగానే ఉందే!"

అంత సంతోషం ఆ ముఖంలో నేను అతని పెళ్లిలో కూడా చూడలేదు. తల తిప్పుకుంటాను, ఎటు తిప్పినా అతనే ఉన్నాడు.

నెమ్మదిగా వెళ్లి ఎర్ర పళ్లెం ఏరుకుంటాడు. రేకు చూసినట్టు అంచు చుట్టూ బొటనవేలు నడుపుతాడు, ఒక చోట ఆపుతాడు.

"ఇది ఏడికొచ్చిన పొట్ట. ఇనుమైనా ఇంతే. ఎవుడు కాల్సినాడు?"

"నానే. గంజికుండ మీద మూతెట్టినాను."

"ఎప్పుడు?"

"ఆ రోజు మద్దినేళ."

"మరి సాయంత్రం నాను సెయ్యి సూసుకుంతంటే నువ్వేటి సేసినావు?"

"సూసినాను."

అతను పచ్చిక మీద కూలబడతాడు, కూర్చున్న చోట గడ్డంతా ఇనపరజనవుతుంది. తిట్టడు. తిడితే బాగుండు.

"పళ్లెం నీకు పేనం కదా, ఏటంతావో అని..." అంటాను.

"పళ్లెం పేనమేటి, పిచ్చోడా. సెయ్యి కదా పేనం. నువ్వు మాటాడకపోడం నాకలవాటే. ఏళ్లకేళ్లు సయించినాను. ఆ ఒక్క పూట ఓ మాటాడుంతే, నా సెయ్యి నాతో వచ్చీది."

నేను పక్కన కూర్చుంటాను. ఇసక మా కాళ్ల దాకా వస్తోంది.

"పారి ఏటి సేస్తంది?" అని అడుగుతాడు. పారమ్మ నా చెల్లి, అతని పెళ్లాం.

"ఏడుస్తాది. సెయ్యి పోనాది, ముసిలోడివైపోనావు, ఇంటికాడ కూకో అని తనే అన్నాదట నిన్ను. ఆ మాటకే నువ్వు పడిపోనావని తలబాదుకుంతాది."

"దానికి సెప్పు. సెయ్యి పోలేదని సెప్పు."

"సెప్తాను."

"రేపు కాదు బావా. నీ రేపంటే నాకు బయం."

అంటూనే లేచి షెడ్డు వైపు వెళుతున్నాడు, చేతిని వేళ్లు విప్పి మూసి చూసుకుంటూ. ఇంకా మంచి మాట ఏదైనా చెప్పాలి, క్షమించమనాలి, కానీ నోట్లోకి ఒకే మాట వస్తుంది, అదే పెద్దగా అంటాను, అతను వినిపించుకోకుండా చిన్నవాడైపోతుంటే ఇంకా పెద్దగా అంటాను, "కుండ మీద ఎట్టింది నానే! నీ సెయ్యి కాదు, నానే!"

కళ్లు తెరిచాను. గడ్డిమిషను పక్కన చాప మీద ఉన్నాను. రేకుల కప్పు మధ్యాహ్నం ఎండకి చిటపటమంటోంది. నోరు ఎండిపోయి ఉంది, గొంతు బొంగురుపోయి ఉంది.

తలుపు దగ్గర పారమ్మ నిలబడి ఉంది. రోజూ నాకు అన్నం తెచ్చేది తనే. క్యారేజీ కింద పెట్టలేదు. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"అన్నా," అంది. "పుట్టి బుద్దెరిగాక నువ్విన్ని మాటలాడ్డం నానిన్లేదు."

నేను లేచి కూర్చున్నాను.

"కుండ మీద ఏటెట్టినావు? ఎవుడి సెయ్యి కాదు?"

"కూకో పారీ, సెప్తాను," అన్నాను.

తను కూర్చోలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను.