కొండ అడిగిన మాట

కొంటా ఊరి సర్కారు ఆసుపత్రిలో కాన్పుల గది చూసే నర్సు రాజ్యశ్రీకీ, హైవే పక్కన జిరాక్సు షాపు నడిపే దుర్గేశ్‌కీ పొద్దున లేస్తే ఒకటే తగవు. పొలం గట్టు తగవూ కాదు, ఎలక్షన్ తగవూ కాదు. మాయలూ, రాజ్యాలూ, రెక్కల పాములూ ఉండే లావుపాటి ఇంగ్లీషు నవలల్లో ఏ వరస గొప్పదీ అని! నవ్వొస్తే నవ్వుకోండి గానీ, నాగేశ్వరమ్మ టిఫిన్ బండి దగ్గర వాళ్ళిద్దరూ నోరు విప్పారంటే పెనం మీద దోసె మాడాల్సిందే.

దుర్గేశ్ ‘నల్లనది గాథలు’ అంటే చెవి కోసుకుంటాడు. తొమ్మిది సంపుటాలు. ఒక్కోటి తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. రాజ్యశ్రీది ‘ఉప్పుకోట’. నాలుగే సంపుటాలు.

“మ్యాపు చూసిన్రా సిస్టర్? నలభై రెండు నదులు. ఒక్కోదానికి ఒక్కో చరిత్ర. లోకం కట్టుడంటే అట్లుండాలె.”

“నదులు లెక్కెట్టుకోడానికి నవలెందుకండీ, పట్వారీ దగ్గరికెళ్తే సరిపోద్ది. మా ఉప్పుకోటలో మంత్రం వేసినప్పుడల్లా వేసినవాడి జ్ఞాపకం ఒకటి చెరిగిపోద్ది. చివరికి కన్నతల్లి పేరే మర్చిపోతాడు. అదండీ గొప్పంటే.”

“ఏంది గొప్ప? నాలుగు పుస్తకాలకే ఒడిసిపాయె.”

“ఒడిసింది కదా! మీ నల్లనది రాసినాయన ఆరో పుస్తకంతోనే పోయాడు. మిగతా మూడూ శిష్యుడు రాశాడు. ఇంకోడు ముగించింది కథే కాదండీ, అతుకు.”

ఈ మాట దగ్గర దుర్గేశ్ టీ గ్లాసు ఠక్కున పెట్టి షాపుకు వెళ్ళిపోయేవాడు. రాజ్యశ్రీ కిరందుల్ ఇనుప గనుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

ఒకరోజు నాగేశ్వరమ్మకు ఒళ్ళు మండింది. అట్లకాడ పెనం అంచున ఠంగుమనిపించింది.

“మీ తొమ్మిదీ, నాలుగూ పక్కకు పెట్టున్రి. మా అత్త దగ్గర ఒక్క కథున్నది. మూడు దినాలు చెప్తది. దానికి మీరెన్ని మార్కులేస్తరో చూస్త.” అని, ఆ వెంటనే కొంగుతో కళ్ళొత్తుకుంది. “ఇప్పుడు చెప్తేనే చెప్పినట్టు. సోమవారం పోతే ఇగ లేదు.”

సోమవారం సంగతి రాజ్యశ్రీకి తెలుసు. నాగేశ్వరమ్మ అత్త దేవే, డెబ్భై దాటిన దొర్ల తెగ ముసలమ్మ. గొంతులో పుండు. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం పోతుంది. పెద్దాసుపత్రి కాగితాలు చదివి ఇంట్లోవాళ్ళకు ఆ ముక్క చెప్పింది రాజ్యశ్రీయే. చెప్పి, ఆ పూట అన్నం తినలేకపోయింది.

ఆ కథ దేవేకు తప్ప ఇంకెవరికీ మొత్తం రాదు. నలభై ఏళ్ళు ఆమెకు ఊ కొట్టిన మొగుడు హుంగా నిరుడు పోయాడు. నాగేశ్వరమ్మ విన్నదల్లా వంటింట్లోంచి ముక్కలు ముక్కలుగానే. పని తెమిలితే కదా ఆడది కూర్చుని కథ వినేది! చివర అసలే వినలేదు.

రాజ్యశ్రీ ఆ సాయంత్రమే వెళ్ళి అడిగింది. దేవే ఆమెను కిందినుంచి మీదికి చూసింది.

“ఊ కొడతవా?” గొంతు బొంగురు.

“కొడతానవ్వా.”

“మా ఇంట్ల పద్ధతి ఉన్నది. మాట మాటకు ఊ పడాలె. ఊ ఆగిందా, కథ ఆడనే ఆగుతది. మళ్ళ ఇప్పపూలు రాలే కాలం దాకా నోరు తెరువ. అప్పుడు గూడ మొదటికెళ్ళే.”

“అదేంటవ్వా అంత గట్టి రూలు?”

“ఊ లేకుంటే ఎవలి దిక్కు పోవాల్నో కథకు తెల్వదు బిడ్డా. తోవ తప్పుతది.”

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి రాజ్యశ్రీ వాళ్ళ ఇంటి వెనక పందిరి కింద కూర్చుంది. దుర్గేశ్ ఫోన్లో రికార్డింగు పెట్టి గోడవార నిలబడ్డాడు. ముసలామె కాళ్ళు చాపుకుని, అడవిలో పుల్లలేరడం గురించి మాట్లాడుతున్నంత మామూలుగా మొదలుపెట్టింది.

“అప్పుడు కొండలు నడుస్తుండె.”

“ఊ.”

“పొద్దుగాల ఈడ ఉన్న కొండ మాపటికి ఇంకో ఊరి మీద ఉంటుండె. మనుషులు కొండల ఎనక గుడిసెలు మోసుకుంట తిరుగుతుండె.”

“ఊ.”

మొదటిరోజు రాజ్యశ్రీ బుర్ర మార్కులు వేస్తూనే ఉంది. లోకానికి పదికి తొమ్మిది. మాయకు ఖరీదుందా? ఉంది. కొండను నిలబెట్టాలంటే ఒక మనిషి దాని ఊపిరి లెక్కపెడుతూ మేలుకునే ఉండాలి. ఏడుగురు అన్నలు వంతులేసుకుని లెక్కపెట్టారు. ఒక్కొక్కడే అలసి రాయైపోయాడు. రెండోరోజు ఏడో అన్న పోయి చెల్లెలొక్కతే మిగిలేసరికి మార్కుల సంగతి ఆమెకు గుర్తే లేదు. ఇంటికెళ్ళి కూర వండుకుని ఉప్పేయడం మర్చిపోయింది.

మూడోరోజు ఆదివారం. దేవే గొంతు గరగరలాడుతోంది. నాగేశ్వరమ్మ బండి మూసేసి వచ్చి, పెళ్ళైన ఇరవై ఏళ్ళలో మొదటిసారి అత్త ఎదురుగా తీరిగ్గా కూర్చుంది.

“లెక్క తప్పుతున్నదని చెల్లె కొండకు చెవి ఆనిచ్చింది.”

“ఊ.”

“లోపల ఊపిరి గాదు. మాటలు. మస్తు మంది.”

“ఊ.”

“ఎవలంటే ఇంక పుట్టనోళ్ళు. ఇప్పటోళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అందరూ. చీకట్ల ఒకల్నొకలు ఆనుకొని కూసున్నరు. చెల్లె చెవి తగిలిందని తెలిసి అంతా గమ్మునైన్రు. అండ్ల ఒక చిన్న గొంతు అడిగింది: అక్కా, బయట చోటున్నదా?”

రాజ్యశ్రీకి కిరందుల్ కొండ కళ్ళ ముందుకొచ్చింది. చిన్నప్పుడు కిరందుల్ క్వార్టర్ కిటికీలోంచి చూస్తే కొండ కొన అన్నిటికన్నా పై ఊచను తాకుతూ ఉండేది. తవ్వగా తవ్వగా తను పది చదివేనాటికి అది ఒక ఊచ కిందికి దిగింది. ఇనుపరాయి మోసే డంపరు నడిపి ఇంటికొచ్చిన నాన్న ఒంటి మీద ఎర్రటి దుమ్ము. ఆ దుమ్ములో రోజూ ఆడుకుంది తను. అమ్మో, ఆ కొండ లోపలా వాళ్ళుండి ఉంటే! కాన్పుల గదిలో తన చేతుల్లోకి జారిన వందలమంది పసివాళ్ళు, ఏడవబోయే ముందు ఒక్క క్షణం కళ్ళు విప్పి చూసే ఆ చూపు. వాళ్ళు అడిగేది ఇదేనా? ఇన్నేళ్ళూ తను వినిపించుకోలేదా? ఆకాశమంత పెద్దదేదో వచ్చి పందిరి కింద కూర్చున్నట్టయింది. కళ్ళెంబడి నీళ్ళు కారుతున్నాయి, ఆమెకు తెలియడం లేదు.

“సిస్టర్!” దుర్గేశ్ కేక. “ఊ!”

దేవే నోరు మూసుకుంది.

“ఊ! ఊ అవ్వా! ఊ!”

ముసలామె తల అడ్డంగా ఊపింది. కోపం లేదు, జాలీ లేదు. రాజ్యశ్రీ కాళ్ళు పట్టుకుంది. “రేపే ఆపరేషనవ్వా, నీకు దండం పెడతా, ఒక్క మాట చెప్పు, ఆ చెల్లెలు ఏమంది?” నాగేశ్వరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

“పద్ధతి నేను పెట్టిందా బిడ్డా?” అని లేచి, మేకల్ని తోలుకురావడానికి వెళ్ళిపోయింది.

సోమవారం ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది.

మూడు వారాలు రాజ్యశ్రీ ఒక్క నవల ముట్టలేదు. దుర్గేశ్ ఎదురుపడితే తల దించుకుని వెళ్ళేది. అతను దెప్పిపొడిచినా బాగుండేది. పాపం, అతను ఆ రికార్డింగును పెన్‌డ్రైవులో వేసి నాగేశ్వరమ్మ చేతికిచ్చి ఊరుకున్నాడు.

దేవే ఇంటికొచ్చాక గొంతు దగ్గర పెట్టిన గొట్టం శుభ్రం చేయడానికి రాజ్యశ్రీయే వెళ్ళింది. పని అయ్యాక చేతులు కడుక్కుని లేవబోతుంటే ముసలామె మణికట్టు పట్టుకుంది. పందిరి కిందికి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. ఎదురుగా కాళ్ళు చాపుకుంది. తన మోకాలి మీద వేలితో ఒకసారి తట్టింది.

రాజ్యశ్రీకి అర్థం కాలేదు. నాగేశ్వరమ్మకు అయింది.

“చెప్పమంటున్నది. ఊ ఆమె కొడతదట.”

“నేనా? ఏడాది తిరక్కుండానా?”

“ఆ పద్ధతి ఆమె చెప్పేదానికి. నువ్వు చెప్పే కథ ఎన్నడు ఆగిందని? మొదలుపెట్టు.”

రాజ్యశ్రీ మొదలుపెట్టింది. అప్పుడు కొండలు నడిచేవి. వేలు తట్టింది. పొద్దున్న ఇక్కడున్న కొండ సాయంత్రానికి ఇంకో ఊరి మీద ఉండేది. వేలు తట్టింది. తన సొంత మాటల్లో, గోదావరి అవతలి నుంచి వచ్చిన అమ్మానాన్నల యాసలో, కొండలు అట్లాగే లేచి నడుస్తుంటే ఆమెకే ఆశ్చర్యమైంది. మూడు మధ్యాహ్నాలు పట్టింది. దేవే వేలు ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదు.

“...అందులోంచి ఒక చిన్న గొంతు అడిగింది. అక్కా, బయట చోటుందా?”

వేలు తట్టింది.

రాజ్యశ్రీ ఆగిపోయింది. “ఇంతేనవ్వా నాకు తెలిసింది.”

వేలు మళ్ళీ తట్టింది. రెండుసార్లు, గట్టిగా. ముసలి కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి. ఇంకోడు ముగిస్తే అతుకే అని తను వెక్కిరించిన మాట గుర్తొచ్చింది. ఆ పూట వచ్చిన దుర్గేశ్ గోడవార ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నవ్వలేదు. రాజ్యశ్రీ తన చేతుల వైపు చూసుకుంది. నిన్న పొద్దున పుట్టిన పిల్లను పట్టుకున్న చేతులు. కిక్కిరిసిన జనరల్ వార్డులో, ఆ పిల్లకూ తల్లికీ పక్కమంచం ఆవిడ ఒక్క మాటా అడక్కుండా ఒదిగి చోటిచ్చింది.

“రండమ్మా, కొంచెం జరుగుతాం, అందా చెల్లెలు.”

దేవే వేలు తట్టింది.